పడేసే చేతులు

జీతమిచ్చి మరీ వస్తువులు పడేయించుకునే కంపెనీ ఒకటి ఉంటుందంటే ఆమె అత్త ఇప్పటికీ నమ్మదు. "మా కోడలు లాప్‌టాప్‌లు తయారుచేస్తుంది" అని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పుకుంటుంది. నిజానికి కోడలు ఒక్కటి కూడా తయారుచేయదు. తయారైనవాటిని ఛాతీ ఎత్తు నుంచి కింద పడేస్తుంది.

సోమవారం ఉదయం ఆ పనిలోనే ఉంది. పరీక్షల గది మధ్యలో కాంక్రీటు దిమ్మ, దాని మీద మందపాటి ప్లైవుడ్ చెక్క. పక్కన గోడ మీద ఎర్ర గీత. లాప్‌టాప్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఒక మూల సరిగ్గా కిందికి వచ్చేలా ఏటవాలుగా తిప్పి, గీత దాకా ఎత్తింది. ఊపిరి బిగబట్టి వదిలింది. టక్కుమంది. వంగి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏదీ కదలలేదు. మూత తెరిచి కీలు బిగువు చూసింది. తెర వెలిగింది. పక్కనున్న కాగితం మీద టిక్కు పెట్టి రెండో మూలకు తిప్పింది.

బల్లపరుపుగా పడేయడానికీ అంచుల మీద పడేయడానికీ ఓ యంత్రం ఉంది. మూలల దగ్గర మాత్రం దాని ఆటలు సాగవు. పట్టు విడిచేటప్పుడు అది లాప్‌టాప్‌ను కాస్త పక్కకు తోసేస్తుంది. అందుకని మూలలన్నీ ఆమె చేతుల మీదుగానే పడాలి. అంత నిలకడగా పడేసేవాళ్లు కంపెనీలో మరొకరు లేరు. అందరూ ఆమెను 'పడేసే అక్క' అంటారు. గనుల్లోకీ అంబులెన్సుల్లోకీ వెళ్లే లాప్‌టాప్‌లు అవి. పాత మోడల్‌ను పనివాళ్లు 'ఇటుక' అనేవాళ్లు. మోసేవాళ్ల భుజాలు పడిపోతున్నాయని ఇప్పుడు బరువు తగ్గించి కొత్తది తెచ్చారు. దాని పేరు 'ఈక'. ఈక బరువు, ఇనుప గుండె అని గుమ్మం పైన పెద్ద బోర్డు కూడా పెట్టారు.

మూడో మూల పడేసేసరికి మేనేజరు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పగిలిపోయిన ఈక.

"కొనుక్కున్న ఆఫీసువాళ్లు పంపారమ్మా. వాడినతను చేతిలోంచి జారిందంటున్నాడట. ఒకసారి చూడండి."

ఆమె దాన్ని దీపం కిందికి తీసుకెళ్లింది. ఎడమవైపు కింది మూల రబ్బరు చిట్లి, లోపలి లోహం చీలింది. అక్కణ్ణుంచి తెర అంతా బీటలు పాకాయి. చీలిన చోట బొటనవేలితో రుద్దింది. అదే మూలను తను ఎన్నిసార్లు పడేసిందో, ప్రతిసారీ అది ఎలా చెక్కుచెదరకుండా లేచిందో వేళ్లకు తెలుసు.

"జారడమేంటి సార్? జారితే ఇలా ఎందుకవుతుంది? నా దగ్గర రోజూ జారుతూనే ఉన్నాయి కదా!"

"అయితే?"

"ఇది పడింది కాదు. విసిరింది."

"ఖాయమేనా?"

"ఖాయమే."

మేనేజరు ముఖం విప్పారింది. సంచి తీసుకుని చకచకా వెళ్లిపోయాడు. ఆమె నాలుగో మూలకు తిప్పింది. మాట అనడానికి ఎంతసేపు.

*

బుధవారం సాయంత్రం మరిది ఇంటికి వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఒక బూటు విప్పి రెండోది విప్పకుండా ఉండిపోయాడు. వంతెనల కింద ఇనుప నిచ్చెనలెక్కి బోల్టులు చూసే ఉద్యోగం అతనిది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఇట్టే భగ్గుమంటాడు. ఆఫీసులో అతని పేరు అగ్గిపుల్ల.

"ఏరా, అలా కూర్చున్నావేం?" అన్నాడు ఆమె భర్త.

"సస్పెండ్ చేశారన్నయ్యా."

వంటింట్లో అత్త చేతిలో మూత ఆగిపోయింది. కోడలు కంచాలు పెడుతున్నదల్లా నిలబడిపోయింది.

"పోయిన వారం వంతెన కింద లాప్‌టాప్ పడి పగిలింది. మీరు కంగారుపడతారని చెప్పలేదు. నేనే కావాలని నేలకేసి కొట్టానంటున్నారు. శుక్రవారం విచారణ. తేలిందంటే ఉద్యోగం ఊడినట్టే. ఇంకే ఆఫీసూ తీసుకోదు కూడా."

"నువ్వెందుకు కొడతావురా?"

"ఆ రోజు పొద్దున్న పెద్దసారుతో ఫోన్‌లో గొడవైంది. చూడని బోల్టుల్ని చూసినట్టు రికార్డులో ఎక్కించెయ్యమన్నాడు. ఎక్కించనన్నాను. ఆ కోపం దాని మీద చూపించానట."

"చూపించావా?"

"అన్నయ్యా!"

అతను లేచాడు. ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది. మంచం మీద మడిచిన దినపత్రిక తీసి ఎడమ చంకలో పెట్టుకున్నాడు.

"ఇదిగో చూడండి. ఇలా పెట్టుకుని నిచ్చెన దిగుతున్నా. చివరి మెట్టు. ఆసరాకని ఇలా చెయ్యి ఎత్తాను. జారింది. కింద కాంక్రీటు. ఇంచుమించు ఛాతీ ఎత్తే. అంతే జరిగింది."

పత్రిక నేల మీద పడింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"అంత చిన్న దెబ్బకి ఆ లాప్‌టాప్ పగలదట. కంపెనీవాళ్లు చెప్పారట. అక్కడెవరో పెద్ద నిపుణురాలుందట, చూడగానే అనేసిందట, ఇది పడింది కాదు, విసిరింది అని." అతను ఆగి వదిన వైపు చూశాడు. "నువ్వేనా వదినా?"

ఆమె చేతిలోని కంచం జారి బండ మీద పడింది. మామూలు రోజైతే ఇంట్లో ఏది కిందపడినా అతను "వదినా, పాసైందా?" అని అరుస్తాడు. ఇప్పుడు అది గిరగిరా తిరిగి ఆగేదాకా అందరూ దాన్నే చూశారు.

"అది నీదని నాకు తెలియదు" అంది.

"తెలిస్తే వేరేలా చెప్పేదానివా?"

అబద్ధం చెప్పి ఆ పూటకు గండం గట్టెక్కడం ఆమెకు చేతకాలేదు. "లేదు. అదే ఎత్తు నుంచి, అదే మూల మీద ఎన్నింటిని పడేశానో. ఒక్కటీ పగల్లేదు. నువ్వు కోపిష్టివి, మరిదీ. పోయినేడు టీవీ రిమోట్ గోడకేసి కొట్టింది ఎవరు?"

"నేనే. కొట్టానని చెప్పాను కూడా. చేసిన పని చెయ్యలేదని నేనెప్పుడన్నా అన్నానా వదినా?"

అతను ఒక కాలి బూటుతోనే తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గట్టిగా వేస్తాడనుకున్నారు. మెల్లగా వేశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాడి కోపానికి లాప్‌టాప్‌ది తప్పంటాడు" అన్నాడు భర్త, కానీ ఆ మాట అతనికే రుచించినట్టు లేదు. అత్త చిన్నకొడుకు కంచం మీద మూత పెట్టింది. కోడలి వైపు చూడలేదు.

*

గురువారం ఆమె వెళ్లేసరికే మేనేజరు పరీక్షల గదిలో ఉన్నాడు.

"రేపు విచారణాధికారిణి ఇక్కడికే వస్తున్నారు. ఆవిడ కళ్లముందు మీరు పడేసి చూపించాలి. మూల మీదే."

"సార్, ఆ లాప్‌టాప్ వాడినతను నా మరిది."

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే మరీ మంచిదమ్మా. సొంత మరిదని కూడా చూడకుండా ఉన్నదున్నట్టు చెప్పారంటే మన మాటకి తిరుగుండదు. అంబులెన్సులకి వెళ్లాల్సిన సరుకు గోదాములో ఉంది. లారీ కూడా మాట్లాడేశాను. ఇలాంటప్పుడు ఈక పగిలిందన్న మాట బయటికి పాకితే మన పని గోవిందా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆమె చేతులు కడుక్కుని తుడుచుకుంది.

వెళ్తూ వెళ్తూ మేనేజరు మరో మాట చెప్పాడు. ఆ అధికారిణి వీడియో కూడా అడిగిందట, అందులో పడేసే మనిషి చేతులు కూడా కనిపించాలందట. ఇన్నేళ్లుగా ఆ గదిలో కెమెరా నేలబారునే ఉండేది. దెబ్బ తగిలే చోటే వాళ్లకు ముఖ్యం. చేతుల్ని ఎవరు చూస్తారు? ఆమె స్టాండు వెనక్కి జరిపి, కెమెరాను ఛాతీ ఎత్తుకు లేపి, ఒక మూల పడేసింది. టక్కుమంది. చెక్కుచెదరలేదు. చేతులు సరిగా పడ్డాయో లేదో చూద్దామని వీడియోను బాగా నెమ్మదిగా తిప్పింది.

రెండు అరచేతులూ ఒక్కసారే విచ్చుకున్నాయి. ఈక కదిలింది. అన్ని వేళ్లూ వెనక్కి వచ్చేశాయి, ఎడమచేతి ఉంగరపు వేలు తప్ప. అది ఒక్క పిసరు వెనకబడింది. కిందికి దిగుతున్న అంచును అలా రాసుకుంటూ పోయింది. నిట్టనిలువుగా దిగాల్సిన మూల కాస్త పక్కకు తిరిగింది. దెబ్బ మూల మొన మీద కాకుండా అంచంతా పరుచుకుంది.

ఆమె వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మళ్లీ పడేసి, మళ్లీ చూసింది. ప్రతిసారీ ఆ వేలు అక్కడే ఉంది. జారిపోతున్న గ్లాసుకు ఎవరి చెయ్యయినా తనంతట తనే అడ్డం వెళ్లినట్టు, ఎవరూ చెప్పకుండానే, ఆమెకే తెలియకుండా దాన్ని కాస్తోంది. ఇటుకైతే ఆ వేలిని లెక్కచేసేది కాదు, దాని బరువు దాన్ని తిన్నగా దించేసేది. ఈక అలా కాదు. వేలు ఎటు చెబితే అటు వింటుంది.

ముందు వచ్చింది భయం, ఆ వెనకే సిగ్గు.

ఆ వేలిని పక్కవేలితో కలిపి టేపు చుట్టి పడేసింది. ఈసారి మణికట్టు తిరిగింది. ఈక బతికింది. మందపాటి చేతితొడుగులు వేసుకుంది. బొటనవేలు ఆ పని చూసుకుంది. కళ్లు మూసుకుని పడేసింది. చేతులకు కళ్లతో పని లేదు. పగలాలి, పగలాలి అనుకుంటూ పడేస్తే ఇంకా ఒడుపుగా పడింది. ఒక మనిషి ఉద్యోగం కోసం ఒకే ఒక్క లాప్‌టాప్‌ను పగలగొట్టలేకపోతున్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

మేనేజరును పిలుచుకొచ్చి వీడియో చూపించింది. ఆయన వంగి చూశాడు, రెండుసార్లు చూశాడు.

"నాకేం కనిపించట్లేదమ్మా."

"ఈ వేలు చూడండి సార్. ఇక్కడ. మూల తిరుగుతోంది చూడండి."

"వేలన్నాక ఎక్కడో అక్కడ ఉంటుంది కదా. మీరు నిన్న రాత్రి నిద్రపోయినట్టు లేరు. మరిది కోసం లేనిది చూస్తున్నారు."

"ఇంకెవరి చేతనైనా పడేయించి చూడండి. మీరే పడెయ్యండి."

"శిక్షణ లేనివాళ్లు పడేస్తే అది పరీక్షెలా అవుతుంది? రేపు మీరే. మామూలుగా ఎలా పడేస్తారో అలాగే." గొంతు కటువుగా ఏమీ లేదు. కానీ బల్ల మీదున్న ఈకల్ని ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుకుని తన గదిలోకి పట్టుకుపోయాడు.

ఆమె ఖాళీ బల్ల ముందు నిలబడింది. సోమవారం 'విసిరింది' అన్నప్పుడు ఎవరూ రుజువు అడగలేదు. ఆ ఒక్క మాటతో ఒక మనిషిని దోషిని చేశారు. ఈ రోజు వీడియోలో చూపించినా కనిపించదట. ఆమెకు ఒళ్లు మండింది. మేనేజరు మీద కన్నా తన మీదే ఎక్కువ మండింది.

సాయంత్రం మరిది గది తలుపు ముందు కాసేపు నిలబడింది. లోపల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. నీ మాట నిజమేనేమో అని చెప్పాలనుకుంది. రేపు తన చేతులు మళ్లీ అదే పని చేస్తే, ఇచ్చిన ఆశను మళ్లీ లాక్కున్నట్టవుతుంది. తట్టబోయిన చెయ్యి దించేసి వెళ్లి పడుకుంది.

*

విచారణాధికారిణి నడివయసు మనిషి. సంచి ఒళ్లో పెట్టుకుని, వీపు ఆనించకుండా కూర్చుంది. మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఇంట్లోంచి బస్టాపు దాకా వదినా మరుదులు కలిసే నడిచారు. మాటలు మాత్రం లేవు.

మేనేజరు పెట్టెలోంచి మెరిసే కొత్త ఈక తీసి ఆమెకు అందించాడు.

మొదటిసారి పడేసింది. టక్కుమంది. తీసి తెరిచింది. తెర వెలిగింది. మేనేజరు అధికారిణి వైపు చూసి తలూపాడు.

రెండోసారి వేళ్లన్నీ బిగదీసుకుంది. చెమటతో అరచేతులు జారుతున్నాయి, అయినా పని అవి చేసుకుపోయాయి. తెర వెలిగింది. మూడోసారీ వెలిగింది. వెలిగిన ప్రతిసారీ మరిది తల ఇంకాస్త వంగింది. అతణ్ణి ముంచడానికి వచ్చినవాళ్లు వేరే ఎవరూ అక్కర్లేదు, వదిన చేతులు చాలు.

"చాలమ్మా. అర్థమైంది" అంటూ అధికారిణి పెన్నుకు మూత పెట్టింది.

"ఒక్క నిమిషం మేడమ్" అంది ఆమె. "ఇది అతను పడేసుకున్నట్టు పడట్లేదు. నేను పడేసినట్టు పడుతోంది. నా వేలు దీన్ని తిప్పుతోంది. నిన్న వీడియోలో చూశాను. ఆపుదామంటే నా వల్ల కావట్లేదు."

"మేడమ్, ఆవిడ స్వయానా అతని వదిన" అన్నాడు మేనేజరు మెత్తగా.

"నాకు తెలుసు." అధికారిణి ఆమె వైపు తిరిగింది. "విసిరిందే అని చెప్పింది కూడా మీరే కదా? ఇప్పుడు పడిందంటున్నారా?"

"పడిందో విసిరిందో నేను చూడలేదు మేడమ్. చూడకుండా చెప్పాను."

"మరి ఇంకొకరి చేత పడేయించండి."

"నిబంధన ఒప్పుకోదు మేడమ్" అన్నాడు మేనేజరు. "చెయ్యి తిరిగినవాళ్లే పడెయ్యాలి."

చెయ్యి తిరిగినవాళ్లు. ఆమె తన చేతుల వంక చూసుకుంది. పడేసే పని వీటికిచ్చినంతసేపూ ఇవి కాస్తూనే ఉంటాయి. వీటికి పని ఇవ్వకూడదు. బుధవారం సాయంత్రం ఇంట్లో పడిన దినపత్రిక గుర్తొచ్చింది. చంకకు ఏ శిక్షణా లేదు.

మూలనున్న ఇనుప నిచ్చెనను ఈడ్చుకొచ్చి దిమ్మ పక్కన నిలబెట్టింది. మేనేజరు "ఏంటమ్మా ఇది?" అంటుండగానే ఈకను ఎడమ చంకలో ఇరికించుకుని పైకెక్కింది. దిగుతూ చివరి మెట్టు మీద ఆగింది.

"ఏ చెయ్యి ఎత్తావు మరిదీ?"

అతను తల ఎత్తాడు. "ఎడమ చెయ్యే వదినా. పైమెట్టు కోసం."

పైమెట్టు కోసం చెయ్యి ఎత్తింది. ఈక జారి, బల్లపరుపుగా పడింది. ఫట్‌మంది. మేనేజరు గబగబా తెరిచాడు. తెర వెలిగింది.

"చూశారా!" అన్నాడు.

ఆమె చెయ్యి చాపి దాన్ని తీసుకుంది. మళ్లీ ఎక్కింది. అధికారిణి పెన్ను సంచిలో వేసుకుని కుర్చీ అంచుకు జరిగింది, లేవబోతున్నట్టు. ఆమె చివరి మెట్టుకు దిగి, ఈకను చూడకుండా, పైమెట్టును మాత్రమే చూస్తూ, చెయ్యి ఎత్తింది.

ఈసారి చప్పుడు వేరు. ఆ గదిలో ఆమె ఇంతవరకూ వినని చప్పుడు అది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు.

వంగి తీయడానికి చేతులు ముందుకు రాలేదు. మేనేజరే తీశాడు. ఎడమవైపు కింది మూల చిట్లింది, లోపలి లోహం చీలింది. మూత తెరిచి, మీట నొక్కి, ఇంకోసారి నొక్కాడు. తెర నల్లగానే ఉంది. అధికారిణి సంచిలోంచి, కంపెనీ తిరిగి పంపిన మరిది లాప్‌టాప్ తీసి పక్కన పెట్టింది. రెండింటి బీటలూ ఆ మూల నుంచే మొదలై ఒకే వైపు పాకాయి.

మేనేజరు నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి ఫోను తీసి, "లారీ వచ్చిందా? ఎక్కించొద్దు. ఎక్కించినవి దించెయ్యండి" అన్నాడు. ఆమె వైపు చూడకుండా, "మీరు పాస్ చేసినవన్నీ మళ్లీ పడెయ్యాలి. మీరు కాదు, ఇంకెవరైనా" అన్నాడు. ఆమె తలూపింది.

అధికారిణి మరిది వైపు తిరిగింది. "ఇలా పడిందని ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదయ్యా?"

అగ్గిపుల్ల భగ్గుమంటాడని ఆమె ఊపిరి బిగబట్టింది. అతను భగ్గుమనలేదు.

"చెప్పాను మేడమ్. ఆఫీసులో చెప్పాను. ఇంట్లో చేసి కూడా చూపించాను."

అతను వదిన వైపు చూడటం లేదు. చూస్తే ఆమె నొచ్చుకుంటుందని చూడటం లేదు. అది ఆమెకు అర్థమైంది.

"నాకే చూపించాడు మేడమ్" అంది. "నా ఎదురుగా నిలబడి, ఇలాగే చెయ్యి ఎత్తి చూపించాడు. నేను నమ్మలేదు. అది కూడా రాసుకోండి."

"అది విచారణకి అవసరం లేదమ్మా."

"అవసరమే. రాయండి."

అధికారిణి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. సంచిలో చెయ్యి పెట్టి పెన్ను వెతుక్కుంది.